లినక్స్‌లో బ్రౌజర్ ప్లగిన్ మొరాయిస్తే: కొత్తవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

లినక్స్‌కి కొత్తగా వచ్చినవాళ్లు బ్రౌజర్‌లో ఏది పనిచేయకపోయినా ముందు చేసే పని, బ్రౌజర్‌ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. లినక్స్‌లో దానివల్ల ఒరిగేది చాలా తక్కువ. బ్రౌజర్ ప్రోగ్రామ్ ఒకచోట ఉంటుంది. మీ ఎక్స్‌టెన్షన్లు (చాలామంది ప్లగిన్లు అనేవి), సెట్టింగులు, పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు మీ హోమ్ ఫోల్డర్‌లో ప్రొఫైల్ అనే వేరే చోట ఉంటాయి. ఆప్ట్, డీఎన్‌ఎఫ్ అనే ఇన్‌స్టాల్ కమాండ్లతో ప్యాకేజీ తీసేస్తే ప్రోగ్రామ్ మాత్రమే పోతుంది. ప్రొఫైల్ అలాగే ఉంటుంది, దాంట్లోని జబ్బూ అలాగే ఉంటుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేయగానే కొత్త బ్రౌజర్ వెళ్లి ఆ పాత ప్రొఫైల్‌నే తెరుస్తుంది. స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీది ఇంకో తీరు: తీసేస్తే ప్రొఫైల్ కూడా దాంతోపాటే పోతుంది. స్నాప్‌షాట్ (బ్యాకప్ కాపీ) ఒకటి కొన్నాళ్లు దాచి ఉంచినా, దాన్ని వెనక్కి తెచ్చుకోవడం కొత్తవాళ్లకి తలనొప్పే.

కాబట్టి ఏదీ తీసేయకుండా మొదలుపెడదాం. తప్పు ఉండగల చోట్లు ఐదు: వెబ్‌సైట్, ఎక్స్‌టెన్షన్, ప్రొఫైల్, బ్రౌజర్ ప్యాకేజీ, మొత్తం సిస్టమ్. పైనుంచి కిందికి ఒక్కోదాన్నీ పరీక్షించి, తప్పు దానిది కాదని తేలాకే తర్వాతి దాని దగ్గరికి వెళ్లాలి.

ఒక చిన్న మాట. కమాండ్లు, బ్రౌజర్ లోపలి అడ్రసులు ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. ఉదాహరణకి "అబౌట్ కోలన్ సపోర్ట్" అంటే అబౌట్, తర్వాత కోలన్ గుర్తు, తర్వాత సపోర్ట్, మధ్యలో ఖాళీ లేకుండా. క్రోమ్ లోపలి అడ్రసులకి ముందు క్రోమ్ అనే మాట, కోలన్, రెండు స్లాష్‌లు వస్తాయి.

ఏవి పోయాయి, ఏవి మిగిలాయి

ఏదైనా గైడ్ "ఈ ప్లగిన్ ఇన్‌స్టాల్ చేయండి" అని చెబితే ముందు దాని తేదీ చూడండి. ఫ్లాష్, జావా, సిల్వర్‌లైట్ లాంటివి బ్రౌజర్‌కి తగిలించుకుని నడిచే విడి ప్రోగ్రాములు. నెట్‌స్కేప్ కాలంనాటి ఎన్‌పీఏపీఐ అనే పద్ధతి వాటికి ఆధారం. లినక్స్‌లో క్రోమ్ 2014లోనే దాన్ని వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో వచ్చిన 52వ వెర్షన్‌తో ఒక్క ఫ్లాష్ తప్ప మిగతావన్నీ ఆపేసింది. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కి అడోబీ మంగళం పాడింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ తనంతట తానే కంటెంట్‌ని ఆపేసేలా ముందే ఏర్పాటు చేసింది. జావా బ్రౌజర్ ప్లగిన్ 2018లో వచ్చిన జావా 11లో అసలు లేనే లేదు.

అంటే ఈ రోజు ఏ తాజా బ్రౌజర్‌లోనూ వీటిని పని చేయించలేరు, ఎంత కష్టపడినా సరే. "మీ ఫ్లాష్ పాతబడింది, అప్‌డేట్ చేయండి" అని ఏ సైటైనా కిటికీ తెరిస్తే అది మోసం. పాత ఫ్లాష్ ఆటలూ యానిమేషన్లూ చూడాలంటే ఫ్లాష్‌ని అనుకరించే రఫుల్ అనే ఎమ్యులేటర్ ఎక్స్‌టెన్షన్‌గా దొరుకుతుంది, చాలావాటిని బాగానే నడిపిస్తుంది. జేఎన్‌ఎల్‌పీ ఫైలు ఇచ్చే పాత జావా సైట్ అయితే ఐస్‌డ్‌టీ-వెబ్ అనే ప్యాకేజీతో బ్రౌజర్ బయట నడిపించుకోవచ్చు.

ఇప్పుడు మిగిలినవి మూడు రకాలు. మొదటిది మామూలు ఎక్స్‌టెన్షన్లు: యాడ్ బ్లాకర్లు, అనువాద సాధనాలు, డార్క్ మోడ్ లాంటివి. రెండోది వీడియో కోసం బ్రౌజరే తెచ్చుకునే ప్లగిన్లు: వైడ్‌వైన్ (డబ్బు కట్టి చూసే సినిమాలకి), ఓపెన్‌హెచ్264 (వీడియో కాల్స్‌కి). మూడోది మీ కంప్యూటర్‌లోని ఇంకో ప్రోగ్రామ్‌తో మాట్లాడాల్సిన ఎక్స్‌టెన్షన్లు: పాస్‌వర్డ్ మేనేజర్లు, గ్నోమ్ డెస్క్‌టాప్‌కి హంగులు చేర్చేవి. లినక్స్‌లో ఎక్కువగా ఏడిపించేది ఈ మూడోదే. దానికి కాస్త తీరిగ్గా వద్దాం.

మొదటి మెట్టు: మీరు తెరిచిన బ్రౌజర్ ఏది?

ప్రశ్న వింతగా అనిపించొచ్చు. కానీ లినక్స్‌లో ఒకే ఫైర్‌ఫాక్స్ మూడు నాలుగు రూపాల్లో దొరుకుతుంది: మీ డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) ఇచ్చే మామూలు ప్యాకేజీ, ఏ డిస్ట్రోలోనైనా నడిచేలా విడిగా కట్టిన స్నాప్, ఫ్లాట్‌పాక్ రూపాలు, మొజిల్లా సైట్ నుంచి దించుకున్నది. ఒకే కంప్యూటర్‌లో రెండు రూపాలూ ఉండొచ్చు. మెనూలో రెండు ఫైర్‌ఫాక్స్ ఐకాన్లు ఒకేలా కనిపిస్తాయి. మీరు నిన్న ఒకదాంట్లో ఎక్స్‌టెన్షన్ పెట్టి, ఇవాళ రెండోది తెరిచి "మాయమైపోయింది" అనుకుంటారు. రెండింటి ప్రొఫైళ్లూ వేర్వేరు మరి.

తేల్చుకోవడం తేలిక. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో అబౌట్ కోలన్ సపోర్ట్ అని కొట్టండి. పైన ఉండే పట్టికలో అప్లికేషన్ బైనరీ అనే వరస చూడండి. ఆ దారి "స్నాప్"తో మొదలైతే స్నాప్ రూపం. "యాప్"తో మొదలైతే ఫ్లాట్‌పాక్. "యూఎస్‌ఆర్"తో మొదలైతే డిస్ట్రో ప్యాకేజీ. మీ హోమ్ ఫోల్డర్ పేరుతోనో "ఓపీటీ"తోనో మొదలైతే విడిగా దించుకున్నది. అదే పట్టికలో ప్రొఫైల్ డైరెక్టరీ అనే వరస, పక్కనే ఫోల్డర్ తెరిచే బటన్ ఉంటాయి. ఆ దారి ఎక్కడైనా రాసి పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది. క్రోమ్, క్రోమియంలలో ఇదే సమాచారం వెర్షన్ పేజీలో ఉంటుంది. అక్కడ ప్రొఫైల్ పాత్ అనే వరస చూడండి.

ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ రూపంలోనే వస్తుంది. అక్కడ ఆప్ట్‌తో ఫైర్‌ఫాక్స్ ఇన్‌స్టాల్ చేసినా లోపల దిగేది స్నాపే, ఆ ఆప్ట్ ప్యాకేజీ పేరుకే. చాలామంది "నాది ఆప్ట్ ఫైర్‌ఫాక్స్" అని గట్టిగా చెప్పేది దీనివల్లే. లినక్స్ మింట్, డెబియన్, ఫెడోరాల్లో మామూలు ప్యాకేజీలే వస్తాయి.

రెండో మెట్టు: నిజంగా మూసి, నిజంగా తెరవండి

మామూలు ప్యాకేజీ అయితే, బ్రౌజర్ నడుస్తూ ఉండగానే అప్‌డేట్ మేనేజర్ దాని కింద ఫైళ్లు మార్చేస్తుంది. మెమరీలో పాత ఫైర్‌ఫాక్స్, డిస్క్ మీద కొత్తది. కొత్త ట్యాబ్ తెరిస్తే రీస్టార్ట్ చేయమంటుంది, ఎక్స్‌టెన్షన్ల ఐకాన్లు నొక్కితే స్పందన ఉండదు. దీనికి మందు పూర్తిగా మూసి తెరవడమే.

కిటికీ మూసినా వెనకాల ప్రాసెస్ బతికే ఉండొచ్చు. సిస్టమ్ మానిటర్ తెరిచి బ్రౌజర్ పేరు వెతికి, ఉంటే ఆపేయండి. "ఫైర్‌ఫాక్స్ ఇప్పటికే నడుస్తోంది, స్పందించడం లేదు" అనే సందేశానికీ మందు ఇదే. క్రోమ్‌లో ఇంకో వింత ఉంది. మీరు కంప్యూటర్ పేరు మార్చారనుకోండి, తర్వాత క్రోమ్ తెరవబోతే "ఈ ప్రొఫైల్‌ని వేరే కంప్యూటర్ వాడుతోంది" అని మొండికేస్తుంది. క్రోమ్ ఏదీ నడవడం లేదని నిర్ధారించుకుని, క్రోమ్ డేటా ఫోల్డర్‌లో సింగిల్‌టన్ లాక్ అనే పేరున్న ఫైలు తీసేస్తే దారికొస్తుంది. ఆ డేటా ఫోల్డర్ మీ హోమ్‌లో, చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ అనే ఫోల్డర్ లోపల ఉంటుంది. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితేనే కనిపిస్తుంది.

మూడో మెట్టు: తప్పు సైట్‌దా, ఎక్స్‌టెన్షన్‌దా?

అదే ఎక్స్‌టెన్షన్ ఇంకో సైట్‌లో పనిచేస్తోందా చూడండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలామంది ఎక్స్‌టెన్షన్ పెట్టగానే అదే స్టోర్ పేజీ మీద పరీక్షిస్తారు. ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్ల సైట్ మీదా, క్రోమ్ వెబ్ స్టోర్ మీదా ఎక్స్‌టెన్షన్లు పనిచేయకుండా బ్రౌజర్లే అడ్డుకుంటాయి. సెట్టింగుల పేజీల మీద కూడా అంతే. మామూలు వార్తా సైట్ ఏదైనా తెరిచి పరీక్షించండి.

ఐకానే కనిపించకపోతే టెన్షన్ పడక్కర్లేదు. టూల్‌బార్‌లో పజిల్ ముక్కలా ఉండే బటన్ నొక్కండి, అక్కడ ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో అయితే దాని పక్కనున్న పళ్లచక్రం గుర్తు నొక్కి టూల్‌బార్‌కి పిన్ చేసుకోవచ్చు. ఆ జాబితాలోనే, ఈ సైట్‌లో పనిచేయడానికి అనుమతి ఉందా లేదా కూడా తెలుస్తుంది. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ వివరాల్లో సైట్ యాక్సెస్ అనే చోట "ఆన్ క్లిక్" అని ఉంటే, మీరు నొక్కేదాకా అది కదలదు. ప్రైవేట్ విండోల్లో రెండు బ్రౌజర్లలోనూ ఎక్స్‌టెన్షన్లు మామూలుగా ఆఫ్‌లోనే ఉంటాయి, అనుమతి విడిగా ఇవ్వాలి.

ఆ గుణాన్నే పరీక్షకి వాడుకోవచ్చు. సైట్ ఒకటి సరిగ్గా తెరుచుకోవడం లేదా? ప్రైవేట్ విండోలో తెరవండి. అక్కడ బాగుంటే అనుమానం ఎక్స్‌టెన్షన్ల మీదికో, పాత కుకీల మీదికో వెళ్తుంది. అక్కడా పాడుగానే ఉంటే అడ్రస్ బార్‌లో డాలు గుర్తు నొక్కి, ఆ ఒక్క సైట్‌కి ఫైర్‌ఫాక్స్ ట్రాకింగ్ రక్షణ ఆపి చూడండి. అప్పటికీ మారకపోతే తప్పు సైట్‌దే కావచ్చు. వేరే బ్రౌజర్‌లో తెరిస్తే తేలిపోతుంది.

క్రోమ్ వాడేవాళ్లకి ఇక్కడే ఇంకో సంగతి. మీ ఎక్స్‌టెన్షన్ దానంతటదే ఆగిపోయి, ఇక దానికి మద్దతు లేదని సందేశం వస్తే, అది మీ లినక్స్ తప్పు కాదు. మ్యానిఫెస్ట్ వెర్షన్ 2 అనే పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లని గూగుల్ 2024 నుంచి విడతలవారీగా ఆపేసింది. యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ వాటిలో ఒకటి. దాని బదులు యూబ్లాక్ ఆరిజిన్ లైట్ పెట్టుకోవచ్చు. పూర్తి స్థాయిదే కావాలంటే ఫైర్‌ఫాక్స్‌లో అది ఇంకా పనిచేస్తుంది. నన్నడిగితే, యాడ్ బ్లాకింగే ముఖ్యమనుకునేవాళ్లు ఫైర్‌ఫాక్స్‌కి మారిపోవడమే హాయి.

నాలుగో మెట్టు: దోషిని పట్టుకోవడం

ఫైర్‌ఫాక్స్ మెనూలో హెల్ప్‌లోకి వెళ్తే ట్రబుల్‌షూట్ మోడ్ ఉంటుంది. నొక్కితే రీస్టార్ట్ అడుగుతుంది, తర్వాత రెండు బటన్లు చూపిస్తుంది: ఓపెన్, రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్. ఓపెన్ మాత్రమే నొక్కండి. రిఫ్రెష్ అంటే పేజీని రిఫ్రెష్ చేయడం లాంటిదే అనుకుని నొక్కారంటే మీ ఎక్స్‌టెన్షన్లన్నీ ఊడిపోతాయి. బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు ఉంటాయి కానీ ఒక్కో ఎక్స్‌టెన్షన్‌నీ మళ్లీ పెట్టుకుని, సెట్టింగులు మళ్లీ చేసుకోవాలి.

ట్రబుల్‌షూట్ మోడ్‌లో సమస్య మాయమైందంటే తప్పు ఎక్స్‌టెన్షన్‌దే అని వెంటనే తీర్పు చెప్పకండి. ఆ మోడ్ ఎక్స్‌టెన్షన్లతోపాటు థీమ్‌ని, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ని (బొమ్మల పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించడాన్ని) కూడా ఆపేస్తుంది. లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ పేచీలు ఎక్కువ కాబట్టి, ముందు దాన్ని పక్కకి తప్పించాలి. మామూలు మోడ్‌లోకి వచ్చి, సెట్టింగ్స్‌లో జనరల్ కింద పెర్ఫార్మెన్స్ దగ్గర, సూచించిన సెట్టింగులు వాడే టిక్ తీసేయండి. కింద హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ టిక్ కనిపిస్తుంది. దాన్నీ తీసి, రీస్టార్ట్ చేసి చూడండి. స్క్రీన్ మినుకుమినుకుమనడం, ఎక్స్‌టెన్షన్ కిటికీ నల్లగా తెరుచుకోవడం లాంటివి దీంతో పోతే, దోషం డ్రైవర్ వైపు ఉంది. ఎక్స్‌టెన్షన్లు నిర్దోషులు.

పోలేదంటే ఎక్స్‌టెన్షన్లలో వెతకాలి. ఒక్కొక్కటే ఆపి చూడటం ఓపికకి పరీక్ష. సగం ఆపండి, రీస్టార్ట్ చేయండి, చూడండి. సమస్య ఉంటే దోషి ఇంకా ఆన్‌లో ఉన్న సగంలో ఉంది, పోతే ఆపిన సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. 16 ఎక్స్‌టెన్షన్లున్నా నాలుగు విడతల్లో తేలుతుంది. ఆపడం అంటే యాడ్-ఆన్ల పేజీలో స్విచ్ ఆఫ్ చేయడం, రిమూవ్ చేయడం కాదు. తీసేస్తే దాని సెట్టింగులూ పోతాయి.

ఒక్కోసారి ఈ లెక్క కుదరదు: ఏ సగాన్ని ఆపినా సమస్య పోతుంది. అంటే రెండు ఎక్స్‌టెన్షన్లు ఒకదాంతో ఒకటి తగాదా పడుతున్నాయి, విడివిడిగా రెండూ మంచివే. ఒకే పని చేసే రెండు పక్కపక్కన ఉన్నాయేమో చూడండి, ముఖ్యంగా రెండు యాడ్ బ్లాకర్లు.

క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు లేకుండా చూడాలంటే ప్రొఫైల్ బొమ్మ నొక్కి గెస్ట్‌గా తెరిస్తే చాలు. ఎక్స్‌టెన్షన్ల పేజీలో "కరప్ట్ అయింది" అని ఉంటే పక్కనే రిపేర్ బటన్ ఉంటుంది. డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే కొన్నింటి దగ్గర ఎర్రర్స్ అనే బటన్ వస్తుంది, లోపల ఏ సందేశం ఉందో చదవొచ్చు.

తీయబోతే రిమూవ్ బటనే లేని ఎక్స్‌టెన్షన్ కనిపిస్తే రెండు కారణాలుంటాయి. డెబియన్, ఉబుంటుల్లో కొన్ని ఎక్స్‌టెన్షన్లు సిస్టమ్ ప్యాకేజీలుగా కూడా దొరుకుతాయి, వాటి పేర్లు వెబ్‌ఎక్స్‌ట్ అని మొదలవుతాయి. ఆప్ట్‌తో పెట్టినదాన్ని ఆప్ట్‌తోనే తీయాలి. రెండోది పాలసీ ఫైలు, అంటే అడ్మిన్ బ్రౌజర్‌కి పెట్టే నియమాలు. ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్ కోలన్ పాలసీస్, క్రోమ్‌లో పాలసీ పేజీ తెరిచి చూడండి. ఆఫీసు కంప్యూటర్ అయితే అది మామూలే. సొంత కంప్యూటర్‌లో మీరు పెట్టని పాలసీ ఉందంటే, అది ఎవరు పెట్టారో తేల్చుకోకుండా వదలకండి.

ఐదో మెట్టు: కొత్త ప్రొఫైల్‌తో పోల్చి చూడటం

ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపినా సమస్య ఉంటే ప్రొఫైల్ వంతు. ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్ కోలన్ ప్రొఫైల్స్ తెరిచి కొత్త ప్రొఫైల్ సృష్టించండి. దాని కిందున్న బటన్‌తో కొత్త కిటికీలో తెరిచి, అనుమానం ఉన్న ఎక్స్‌టెన్షన్ ఒక్కటే పెట్టి చూడండి. పరీక్ష అయ్యాక ఆ పేజీకి తిరిగొచ్చి, ఏ ప్రొఫైల్ డిఫాల్ట్‌గా ఉందో గమనించండి. కొత్తది డిఫాల్ట్ అయి ఉంటే పాతదాని కిందున్న బటన్‌తో వెనక్కి మార్చండి. లేకపోతే రేపు బ్రౌజర్ తెరవగానే బుక్‌మార్క్‌లన్నీ పోయాయని గుండె జారిపోతుంది.

కొత్త ప్రొఫైల్‌లో బాగుండి పాతదాంట్లో పాడుగా ఉంటే, అప్పుడు ఆ రిఫ్రెష్ బటన్‌కి నిజంగా పని ఉంది. నొక్కేముందు ప్రొఫైల్ ఫోల్డర్‌కి ఒక కాపీ తీసుకోండి, బ్రౌజర్ మూసి ఉండగా.

కొత్త ప్రొఫైల్‌లోనూ పాడుగా ఉంటే ఎక్స్‌టెన్షన్‌నీ ప్రొఫైల్‌నీ వదిలేయొచ్చు. ఇక కిందికి దిగాలి.

ఆగిపోయిన వీడియోలు

ఇక్కడ అందరూ ఒకేచోట పొరబడతారు. "యూట్యూబ్ వస్తోంది కదా, వీడియో ప్లగిన్లు బాగానే ఉన్నట్టే" అనుకుంటారు. యూట్యూబ్ ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే స్వేచ్ఛా ఫార్మాట్లలో వీడియో పంపుతుంది. అవి ఏ లినక్స్ బ్రౌజర్‌లోనైనా ఆడతాయి. చాలా వేరే సైట్లు హెచ్264 మీద ఆధారపడతాయి. దానికి పేటెంట్ల బెడద ఉండటంతో కొన్ని డిస్ట్రోలు దాని డీకోడర్‌ని మొదట్నుంచీ ఇవ్వవు. కాబట్టి యూట్యూబ్ ఆడటం దేనికీ సాక్ష్యం కాదు.

వార్తా సైట్‌లోనో సోషల్ మీడియాలోనో చిన్న వీడియోలు ఆడకపోతే అది కోడెక్ (వీడియోని విప్పి చూపే సాఫ్ట్‌వేర్) సమస్య. ఉబుంటులో ఉబుంటు రెస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్ అనే ప్యాకేజీ, ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే ఆన్‌లైన్ నిల్వ) చేర్చి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్-ఫ్రీ స్థానంలో పూర్తి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ పెట్టడం, ఓపెన్‌సూసేలో ప్యాక్‌మన్ రిపాజిటరీ, ఇవీ మార్గాలు. అయితే ఇవన్నీ మామూలు ప్యాకేజీ బ్రౌజర్లకే. స్నాప్, ఫ్లాట్‌పాక్ బ్రౌజర్లు తమ కోడెక్‌లు తామే వెంట తెచ్చుకుంటాయి. సిస్టమ్‌లో ఎన్ని పెట్టినా అవి అటు చూడవు. మొదటి మెట్టులో రూపం తేల్చుకోమన్నది అందుకే.

చిన్న వీడియోలన్నీ ఆడుతూ, డబ్బు కట్టి చూసే సినిమా సర్వీసులు మాత్రం ఎర్రర్ ఇస్తే అది డీఆర్‌ఎం, అంటే కాపీ కాకుండా వేసే తాళం తాలూకు సమస్య. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద డీఆర్‌ఎం కంటెంట్ ఆడించే టిక్ ఒకటుంది, దాన్ని పెట్టండి. తర్వాత యాడ్-ఆన్ల పేజీలో ఎడమ పక్కన ప్లగిన్స్ నొక్కితే వైడ్‌వైన్ కనిపించాలి. "కాసేపట్లో ఇన్‌స్టాల్ అవుతుంది" అని ఎంతసేపటికీ కదలకపోతే పైనున్న పళ్లచక్రం నొక్కి అప్‌డేట్ల కోసం వెతకమనండి. ఓపెన్‌హెచ్264 కూడా అక్కడే ఉంటుంది. అది సిస్కో ఇచ్చేది, ప్రధానంగా వీడియో కాల్స్ కోసం. సినిమాలకి దాంతో సంబంధం లేదు.

గూగుల్ క్రోమ్‌లో వైడ్‌వైన్ ముందే ఉంటుంది. డిస్ట్రో ఇచ్చే క్రోమియంలో సాధారణంగా ఉండదు. క్రోమియంలో సినిమా రావడం లేదని తల బద్దలు కొట్టుకునే బదులు, ఆ ఒక్క పనికి ఫైర్‌ఫాక్స్ వాడుకోవడం మేలు. ఇంకోటి: లినక్స్‌లో వైడ్‌వైన్ సాఫ్ట్‌వేర్ స్థాయిలోనే నడుస్తుంది. కొన్ని సర్వీసులు ఆ కారణంగా తక్కువ రిజల్యూషనే పంపుతాయి. బొమ్మ మసకగా ఉందని ప్లగిన్‌ని ఎంత కెలికినా లాభం లేదు.

బయటి ప్రోగ్రామ్‌తో మాట్లాడే ఎక్స్‌టెన్షన్లు

కీపాస్‌ఎక్స్‌సీ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ డెస్క్‌టాప్ మీద చక్కగా నడుస్తుంటుంది, బ్రౌజర్‌లో దాని ఎక్స్‌టెన్షన్ మాత్రం "కనెక్ట్ కాలేకపోయాను" అంటుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, మళ్లీ అదే మాట. అసలు లోపల జరిగేది ఇది. ఎక్స్‌టెన్షన్‌కి బయటి ప్రోగ్రామ్‌ని నేరుగా పిలిచే హక్కు లేదు. బయటి ప్రోగ్రామ్ మీ హోమ్ ఫోల్డర్‌లో బ్రౌజర్‌కి తెలిసిన చోట ఒక చిన్న జేసన్ ఫైలు పెడుతుంది. "నేను ఫలానా, నా ప్రోగ్రామ్ ఫలానా దారిలో ఉంది, ఫలానా ఎక్స్‌టెన్షన్‌తో మాట్లాడతాను" అని అందులో ఉంటుంది. బ్రౌజర్ ఆ ఫైలు చదివి ఆ ప్రోగ్రామ్‌ని నడిపిస్తుంది. దీన్ని నేటివ్ మెసేజింగ్ అంటారు. మామూలు ప్యాకేజీ ఫైర్‌ఫాక్స్ అయితే ఆ ఫైలు హోమ్‌లో చుక్క మొజిల్లా ఫోల్డర్ లోపల, నేటివ్ మెసేజింగ్ హోస్ట్స్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది.

స్నాప్, ఫ్లాట్‌పాక్ బ్రౌజర్లు గోడ కట్టిన గదిలో నడుస్తాయి. హోమ్‌లోని చుక్క ఫోల్డర్లు వాటికి మామూలుగా కనిపించవు, బయటి ప్రోగ్రామ్‌ని నడిపించే హక్కూ ఉండదు. ఉబుంటు స్నాప్ ఫైర్‌ఫాక్స్‌లో దీనికోసం పోర్టల్ అనే ఏర్పాటు పెట్టారు. మొదటిసారి ఎక్స్‌టెన్షన్ అడిగినప్పుడు అనుమతి కిటికీ ఒకటి వస్తుంది. అప్పుడు కంగారులో కాదని నొక్కితే ఆ జవాబు గుర్తుండిపోతుంది, మళ్లీ అడగదు.

వరసగా ఇలా చూడండి. ముందు డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ సెట్టింగుల్లో బ్రౌజర్ ఇంటిగ్రేషన్ ఆన్‌లో ఉందా, మీ బ్రౌజర్ పేరు దగ్గర టిక్ ఉందా? తర్వాత ఆ జేసన్ ఫైలు నిజంగా పుట్టిందా? ఉంటే దాన్ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి, అందులో రాసిన ప్రోగ్రామ్ దారి నిజంగా ఉందో లేదో చూడండి. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌ని ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చినప్పుడు, పాత దారి రాసిన ఫైలు అలాగే మిగిలిపోవచ్చు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా పలకడం లేదంటే, బ్రౌజర్, డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ రెండూ ఏ రూపంలో ఉన్నాయో చూడండి. రెండూ మామూలు ప్యాకేజీలైతే దాదాపు ఎప్పుడూ పనిచేస్తాయి. ఒకటి గోడ లోపల, ఒకటి బయట ఉంటేనే ఇబ్బంది.

ఫ్లాట్‌పాక్ అనుమతులని ఫ్లాట్‌సీల్ అనే గ్రాఫికల్ యాప్‌తో సడలించవచ్చు. కానీ పాస్‌వర్డ్ మేనేజర్ కోసం బ్రౌజర్ గోడకి కన్నాలు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. దానికన్నా మొజిల్లా సొంతంగా నడిపే ఆప్ట్ రిపాజిటరీ నుంచి ఫైర్‌ఫాక్స్ పెట్టుకోవడం మంచిది. 2024 జనవరిలో వచ్చిన 122వ వెర్షన్ నుంచి అది అందరికీ అందుబాటులో ఉంది. మొజిల్లా పేజీలో చెప్పిన ప్రయారిటీ ఫైలు మెట్టు మాత్రం దాటేయకండి. అది లేకపోతే ఉబుంటు మళ్లీ స్నాప్‌నే తెచ్చి పెడుతుంది. స్నాప్‌ని తీసేయకముందే బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు సింక్ చేసుకోండి, లేదా ప్రొఫైల్ ఫోల్డర్ కాపీ తీసి పక్కన పెట్టుకోండి.

గ్నోమ్ డెస్క్‌టాప్ ఎక్స్‌టెన్షన్లని వెబ్‌సైట్ నుంచి ఆన్ చేయబోతే "నేటివ్ హోస్ట్ కనెక్టర్ లేదు" అనడం కూడా ఈ కోవలోదే. గ్నోమ్ బ్రౌజర్ కనెక్టర్ అనే ప్యాకేజీ పెట్టాలి. లేదా బ్రౌజర్ ఊసే లేకుండా ఎక్స్‌టెన్షన్ మేనేజర్ అనే యాప్ పెట్టుకుంటే అన్నీ అందులోనే చేసుకోవచ్చు. నేనైతే రెండోదే చెబుతాను.

చివరిగా సిస్టమ్

ఎక్స్‌టెన్షన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, "ధ్రువీకరించలేకపోయాం" అని ఉంటే ముందు గడియారం చూడండి. విండోస్, లినక్స్ రెండూ ఉన్న కంప్యూటర్‌లో ఒకటి హార్డ్‌వేర్ గడియారాన్ని స్థానిక కాలంగా, ఇంకోటి యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక కాలంగా) చదువుతుంది. అందుకే విండోస్ నుంచి వచ్చిన ప్రతిసారీ టైం గంటల కొద్దీ తేడాగా ఉంటుంది. మదర్‌బోర్డ్ బ్యాటరీ అయిపోతే ఏకంగా ఏళ్లే మారిపోతాయి. సర్టిఫికెట్లు తేదీ మీద నడుస్తాయి కాబట్టి సంతకాల తనిఖీ దెబ్బతింటుంది. తేదీ, సమయం ఆటోమేటిక్‌లో పెట్టండి.

గడియారం సరిగ్గానే ఉంటే ఫైర్‌ఫాక్స్ వెర్షన్ చూడండి. ఎక్స్‌టెన్షన్ల సంతకాలని తనిఖీ చేసే మొజిల్లా పాత రూట్ సర్టిఫికెట్ గడువు 2025 మార్చి 14తో ముగిసింది. 128 కంటే పాత వెర్షన్లలో, దీర్ఘకాలిక మద్దతు ఉన్న 115 శాఖలో అయితే 115.13 కంటే పాతవాటిలో, ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి. అప్‌డేట్ తప్ప వేరే దారి లేదు.

సెట్టింగులు పెట్టిన ప్రతిసారీ మాయమవుతుంటే డిస్క్ నిండిందేమో చూడండి. నిండకపోతే ప్రొఫైల్ ఫోల్డర్ యజమాని ఎవరో చూడండి: ఫైల్ మేనేజర్‌లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పర్మిషన్స్. యజమాని పేరు రూట్ (సిస్టమ్ అడ్మిన్) అని ఉంటే, ఎప్పుడో బ్రౌజర్‌ని సుడోతో, అంటే అడ్మిన్ హక్కులిచ్చే కమాండ్‌తో, నడిపారన్నమాట. ఏ గైడ్ చెప్పినా బ్రౌజర్‌ని సుడోతో నడపొద్దు. సరిచేయడానికి టెర్మినల్‌లో సుడో, తర్వాత సీ-హెచ్-ఓ-డబ్ల్యూ-ఎన్ అనే అయిదు అక్షరాల కమాండ్, తర్వాత హైఫన్‌తో పెద్ద ఆర్, మీ యూజర్‌నేమ్, చివర ఆ ఫోల్డర్ దారి, ఈ వరసలో ఒక్కో ఖాళీతో కొట్టండి. దారి తప్పు లేకుండా రావాలంటే ఫోల్డర్‌ని లాగి టెర్మినల్‌లో వదలండి, దారి దానంతటదే పడుతుంది.

ఇంకా తెగకపోతే

బ్రౌజర్ పూర్తిగా మూసి, టెర్మినల్ తెరిచి, బ్రౌజర్ పేరు కొట్టి ఎంటర్ నొక్కండి. ఫ్లాట్‌పాక్ అయితే ఫ్లాట్‌పాక్ రన్ అని ముందు పెట్టి దాని పూర్తి పేరు ఇవ్వాలి. బ్రౌజర్ తెరుచుకున్నాక సమస్యని మళ్లీ రప్పించి, సరిగ్గా ఆ క్షణంలో టెర్మినల్‌లో ఏ వరసలు పడ్డాయో చూడండి. తెరవగానే వచ్చే హెచ్చరికలు బోలెడుంటాయి, వాటిలో చాలావరకు పట్టించుకోనక్కర్లేనివే. మీకు కావాల్సింది సమస్య వచ్చిన క్షణంలో పడినవి.

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు ఇవి రాయండి: డిస్ట్రో పేరు, వెర్షన్; బ్రౌజర్ వెర్షన్, అది స్నాపా, ఫ్లాట్‌పాకా, మామూలు ప్యాకేజీయా; ఎక్స్‌టెన్షన్ పేరు, వెర్షన్; ఎర్రర్ సందేశం ఉన్నది ఉన్నట్టుగా; ట్రబుల్‌షూట్ మోడ్‌లోనూ కొత్త ప్రొఫైల్‌లోనూ ఏం జరిగిందో. అబౌట్ కోలన్ సపోర్ట్ పేజీలో మొత్తం సమాచారాన్ని కాపీ చేసే బటన్ ఉంది. అందులో ఫోల్డర్ దారుల్లో మీ యూజర్‌నేమ్ ఉంటే, అతికించేముందు దాన్ని తీసేయండి.